తోడొచ్చినవాళ్ళ బెంచీ

నవంబరు 9

ఇది రాయకూడదనే అనుకున్నాను. పొద్దున్నుంచి డైరీ మూడుసార్లు తీసి మూడుసార్లు బీరువాలో పెట్టేశాను. బీమా ఏజెంటు ఏటా ఒకటి ఇస్తాడు. నేను ఏటా జనవరి మొదటి వారం రాసి వదిలేస్తాను. ఈ ఏడు జనవరి ఐదున "వంకాయలన్నీ పుచ్చులే" అని ఉంది. ఆ తరవాత తిన్నగా ఇవాళే. మధ్యలో పది నెలలు రాసుకోవలసిన అవసరం పడలేదు. నోరుంది కదా.

నిన్న టిఫిన్ దగ్గర మా ఆవిడతో "చట్నీలో ఉప్పు తక్కువైంది" అన్నాను. అన్నాననే అనుకున్నాను. సంపూర్ణమ్మ గరిటె పట్టుకుని నా మొహంకేసి చూస్తూ నిలబడిపోయింది.

"ఏమన్నారండీ?"

మళ్ళీ అన్నాను. ఈసారి నాకే వినపడింది. గొంతు నాదే. నోట్లో తడిగుడ్డ కుక్కినట్టుంది. ఎడమ పక్క పెదవి నుంచి టీ కారి చొక్కా మీద పడింది.

సముద్రపు గాలి. ఈ నెలలో పిఠాపురంలో ఎవరికైనా పట్టేస్తుంది.

ఇవాళ లేవగానే "సామర్లకోట" అని చూశాను. పక్క ఊరే, పెద్ద రైళ్ళు ఆగే స్టేషను. అందులో ర ఉంది, ల ఉంది, కోట ఉంది. నాలుకకి ఇంతకంటే పరీక్ష లేదు. "సామల్లగోద" అని వచ్చింది.

గాలే.


నవంబరు 10, ఆదివారం

గుడిలో పాస్టరుగారు ప్రార్థన చెయ్యమన్నారు. గొంతు పట్టేసిందని చేత్తో చూపించాను. దేవుడి ఇంట్లో దేవుడి ఎదురుగా అబద్ధమాడాను, అదీ సైగలతో.


నవంబరు 12

సంపూర్ణమ్మ గెలిచింది. ఆటో పిలిచి, నా కాళ్ళకి ఇనప కాలిపర్లు తనే బిగించి, కాకినాడ ఆస్పత్రికి తీసుకుపోయింది.

డాక్టరు కుర్రవాడు. నా చేతిలోంచి కాయితాలు తీసుకుని మా ఆవిడకేసి తిరిగాడు. "పేషెంటు సిగరెట్లు కాలుస్తారామ్మా?"

"ఇరవై ఏళ్ళ కిందట మానేశారండి."

పద్దెనిమిది.

"నిద్ర పడుతోందా?"

"పడుతుందండి. గురక కూడానండి."

"తిండి ఎలా తింటున్నారు?"

నేను నోరు తెరిచాను. "నన్నడగండి" అనాలని. నా బతుకంతా ఆ ఒక్క మాట నేర్పడమే సరిపోయింది. మా వికలాంగుల సంఘంలో కొత్తగా ఎవరు చేరినా మొదటి పాఠం అదే. అమ్మనీ అన్ననీ ఎవరైనా "ఈయనకేం కావాలి?" అనడిగితే "నన్నడగండి" అనాలి. సంఘం గది గోడ మీద మూరెడేసి అక్షరాలతో రాయించాం. ఆ రాసిన పెయింటరు నా ఎదురుగానే నిలబడి, పక్కవాణ్ణి "ఆయనకి ఏ రంగు కావాలంటారో కాస్త అడుగుతారా?" అన్నాడు. ఇది నేను నూరు సభల్లో చెప్పుంటాను. నూరుసార్లూ నవ్వారు.

"నన్నగం" అన్నాను.

డాక్టరు సంపూర్ణమ్మతో "ఏమంటున్నారు?" అన్నాడు.

ఆవిడ తల దించుకుంది.

స్కానింగ్ తీశారు. నాలుకని నడిపించే చోట చిన్న నరం మూసుకుపోయిందట. బుద్ధికి ఏమీ కాలేదట. ఆ కబురు కూడా బుద్ధి ఉన్న నాకు కాదు, ఆవిడకే చెప్పాడు. "మాట కొంత రావచ్చు, రాకపోవచ్చు. ఈ స్ట్రోకు మళ్ళీ రావచ్చమ్మా. మూడు నెలలు జాగ్రత్త. చెయ్యి తిమ్మిరెక్కినా, కాలు పడిపోయినా ఆ నిమిషమే తీసుకొచ్చెయ్యండి. లేకపోతే డిసెంబరు నాలుగున చూపించండి."

నా కాళ్ళు మూడో ఏట పోలియోకే పడిపోయాయి, కొత్తగా పడేదేముంది అని చెబుదామనుకున్నాను. మంచి జోకు. లోపలే ఉండిపోయింది.

మళ్ళీ రావచ్చమ్మా. ఆటోలో దారిపొడుగునా అదే.

ఎవరికీ చెప్పొద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాను. పలక మీద రాసి.


నవంబరు 13

సామల్లగోద.


నవంబరు 15

సత్యప్రసాద్ వచ్చాడు. మా సంఘం కార్యదర్శి. లారీ ప్రమాదంలో కాలు పోతే కట్టుడు కాలు పెట్టించుకుని నాకంటే జోరుగా తిరుగుతాడు. బంగారంలాంటి మనిషి, మాటకారి. వాడొస్తున్నాడని కిటికీలోంచి చూసి మఫ్లరు చుట్టేసుకున్నాను.

"మాస్టారూ, గొంతింకా తగ్గలేదా అండీ? పాలల్లో మిరియాలు వేసుకోండి."

మాస్టారట. మా ఊరి బడికి ఏడు మెట్లు. ఆ ఏడు మెట్లూ ఎక్కలేక చదువు మానేసినవాణ్ణి. వాచీలు బాగుచేస్తూ, వాచీలు చుట్టి తెచ్చే న్యూస్ పేపరు ముక్కలు కూడబలుక్కుని చదవడం నేర్చాను. అందుకే నాకు చాలా సంగతులు సగమే తెలుసు. మిగతా సగం ఇంకో వాచీకి చుట్టుంటుంది. అయినా ఊరంతా మాస్టారే అంటారు.

వాడొచ్చింది వచ్చే నెల మూడో తారీకు సభ గురించి. ప్రపంచ వికలాంగుల దినం. గవర్నమెంటువాళ్ళు ఇప్పుడు దివ్యాంగులంటున్నారు. దివ్యం ఎక్కడుందో నా మోకాళ్ళకి ఇంకా కబురందలేదు. ఏటా మా సంఘం సభ ఆ రోజే. ఇరవై నాలుగేళ్ళ తరవాత నేను అధ్యక్ష పదవి నుంచి దిగిపోతున్నాను. దిగిపోయేవాడు ఒక పేరు చెప్పాలి, సభ్యులు ఒక్కొక్కరూ "ఔను", "వద్దు" అనాలి.

నోటితోనే. అదీ చిక్కు.

ఆ రూలు పెట్టింది ఎవరు? నేనే. మొదట్లో చీటీలు పెట్టాం. ముప్ఫై మంది సభ్యులు, ముప్ఫై చీటీలు, విప్పి చూస్తే చేతిరాతలు నాలుగే. అమ్మలూ అన్నలూ తలా గుప్పెడు రాసి పడేశారు. అలా ఒక సభ్యుడి బావమరిది మా వికలాంగుల సంఘానికి అధ్యక్షుడైపోయాడు. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి పాపం. పదిహేను రోజులు ఏలాడు. ఆ దెబ్బతో రాసుకున్నాం: చీటీ లేదు, ఎవరి మాట వాళ్ళే చెప్పాలి, చెవిటివాళ్ళకి చెయ్యే నోరు, ఎంతసేపు పట్టినా మిగతావాళ్ళు ఆగాలి. అర్థం కాకపోతే అయినట్టు తలాడించకూడదు, మళ్ళీ చెప్పమని అడగాలి. ఒకరి మాట ఇంకొకరు అందుకుంటే గుమ్మం బయట బెంచీ ఉంది, వెళ్ళి దాని మీద కూర్చోవాలి. "బెంచీ" అని ఎవరైనా అనొచ్చు. బెంచీ మీదున్నవాడికి ఆ పూట ఓటు లేదు. తోడొచ్చినవాళ్ళయితే ముందే అక్కడ కూర్చోవాలి.

ఇదంతా ఎవరికి చెబుతున్నాను? ఈ డైరీకా? అలవాటు.

"మీరు ఎవరి పేరు చెబుతారో నేనడగనండి" అన్నాడు సత్యప్రసాద్. "ఒక్క మాట మాత్రం. మన సాయిదుర్గ మంచి పిల్లే, కాదనను. కానీ అధ్యక్షులంటే ఆఫీసుల్లో మాట్లాడాలి కదండీ. ఆ అమ్మాయి ఒక ముక్క పూర్తిచేసేలోపు ఆఫీసరు ట్రాన్స్‌ఫరై వెళ్ళిపోతాడు."

నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే నోరు వంకర తెలుస్తుందని మఫ్లరు పైకి లాక్కున్నాను.

క్యాంపు మెట్ల సంగతి పలక మీద రాసి చూపించాను. పోయినేడు సర్టిఫికెట్ల క్యాంపు ఆఫీసు మేడ మీద పెట్టారు. నడవలేనివాళ్ళకి క్యాంపు, ఇరవై రెండు మెట్లెక్కి రావాలి. సాయిదుర్గ మెట్ల కింద మూడు గంటలు కూర్చుంది. చివరికి ఆఫీసరే దిగొచ్చాడు. ఆ పిల్ల తనే చెప్పింది, ఆయనే అర్థం చేసుకున్నాడు, క్యాంపు కిందకి దింపాడు. నేను పక్కనే ఉండి ఒక్క ముక్క నోరు విప్పలేదు.

"మీరు పక్కనుండబట్టి, మాస్టారూ" అన్నాడు వాడు. "రేపు మీరుండరు కదా?"

ఉండరు. అధ్యక్షుడిగా ఉండరని వాడి ఉద్దేశం. నాకు వేరేలా వినపడింది.

వాడు వెళ్ళాక లెక్కేసుకున్నాను. మూడో తారీకున నేను నోరు తెరుస్తాను. నలభై మంది వింటారు. తాగొచ్చాడనుకుంటారు. మతిపోయిందనుకుంటారు. మతిపోయినవాడు చెప్పిన పేరు ఎవరు ఒప్పుకుంటారు?


నవంబరు 16

ఒక దారి దొరికింది. చీటీ రాశాను. "నాకు ఒంట్లో బాగోలేదు, సభకి రాలేను. నా బదులు సత్యప్రసాద్ ఇది చదవాలి. నేను చెప్పే పేరు సాయిదుర్గ." మడిచి, సంపూర్ణమ్మ చేత పంపించేశాను.

హాయిగా ఉంది. ఎంత చిన్న పని, అనవసరంగా వారం రోజులు భయపడ్డాను.


నవంబరు 16, సాయంత్రం

హాయిగా లేదు.


నవంబరు 18

ఫోను మోగింది. చూసుకోకుండా ఎత్తి అలవాటుకొద్దీ "ఆఁ, చెప్పమ్మా" అన్నాను. రెండే మాటలు.

అవతల సాయిదుర్గ. వెనక ఉప్పాడ సముద్రం హోరు. అడిగింది:

"ఎన్ని రోజులైందండీ?"

పెట్టేశాను. మళ్ళీ మోగింది. ఎత్తలేదు. స్విచ్చాఫ్ చేసి బియ్యం డబ్బాలో పెట్టాను. ఎందుకు బియ్యం డబ్బాలో అంటే చెప్పలేను.


నవంబరు 20

వచ్చేశారు. తల్లీ కూతురూ, ఉప్పాడ నుంచి తొమ్మిది గంటల బస్సులో. తల్లి పెద్దింట్లమ్మ ఒక చేత్తో చేపల గంప, ఇంకో చేత్తో కూతురి నడుం పట్టుకుని గేటు తోసుకుంటూ వచ్చింది. గంప గుమ్మంలో దింపి, తను బయట అరుగు మీద కూర్చుంది. ఆరేళ్ళుగా అంతే. కూతురు ఎక్కడికెళ్తే అక్కడ గుమ్మం బయట.

ఆరేళ్ళ కిందట ఈ ఊరి మార్కెట్లో పెద్దింట్లమ్మ చేపలమ్ముతుంటే పక్కన గోనె మీద ఈ పిల్ల కూర్చునేది. పుట్టుకతోనే ఒళ్ళూ నాలుకా స్వాధీనంలో లేవు. జనం పిల్లకేసి చూసి, తల్లిని అడిగి, జాలిపడి పోయేవారు. నేను నా మూడు చక్రాల స్కూటీ ఆపి పిల్లనే అడిగాను: "ఈ పండుగప్ప ఇవాల్టిదేనా అమ్మా?" తల్లి "ఇప్పుడే వలలోంచి తీశామండి" అంది. "నిన్ను కాదు, ఆ అమ్మాయిని" అన్నాను. పిల్ల మెడ మెలితిప్పుకుని, ఊపిరి కూడదీసుకుని, వెనక బేరాలన్నీ ఆగిపోయేంతసేపు కష్టపడి చెప్పింది:

"నిన్నటిది."

తల్లి నెత్తి కొట్టుకుంది. ఆ రోజే అనుకున్నాను, నా తరవాత ఈ పిల్లే అని.

తన మాటలు ఇక్కడ తిన్నగా రాస్తున్నాను. బయటివాళ్ళకి అలా వినపడవు. మాటకీ మాటకీ మధ్య ఒక ఊపిరి, ఒక్కోసారి రెండు. నాకు అర్థమవడానికి ఆర్నెల్లు పట్టింది.

"నోరు తెరవండి" అంది రాగానే.

తెరిచాను.

"నాలుక బయటపెట్టండి. ఎడమకి పోతోంది. మంచినీళ్ళు తాగితే పొరమారుతోందా?"

తలూపాను.

"తలూపొద్దు. చెప్పండి."

"ఆఁ" అన్నాను. ఒక్క అక్షరం. కళ్ళలో నీళ్ళొచ్చాయి. వంటింట్లో సంపూర్ణమ్మ ఉల్లిపాయలు తరుగుతోంది, దానివల్ల.

తన సంచీలోంచి నా చీటీ తీసి బల్ల మీద పెట్టింది. సత్యప్రసాద్ ఇచ్చాడట. "అన్నయ్య సభలో చదువుతానన్నాడు. నేనే వద్దన్నాను."

పలక అందుకోబోయాను. పలక లాగేసుకుంది. వంకరపోయే ఆ చేత్తో అంత గట్టిగా ఎలా లాగిందో.

"నాకు చీటీ అధ్యక్ష పదవి వద్దండి. మీ నోటితో చెబితే ఉంటాను. లేకపోతే సత్యప్రసాద్ అన్నయ్యే ఉంటాడు, నేను చప్పట్లు కొడతాను."

"నవ్...తారు" అన్నాను. నవ్వుతారని.

"నన్ను చూసి నవ్వడం లేదా? నాకు అలవాటయ్యే దాకా ఆగమన్నారు మీరు. ఇరవై ఆరేళ్ళొచ్చాయి. ఇంకా అలవాటవలేదు. అయినా మాట్లాడుతున్నాను."

తరవాత కిటికీలోకి చూస్తూ అంది: "మెట్ల దగ్గర ఆ రోజు మీరు ఆఫీసరుగారి చెవిలో చెప్పారు. నేను చూశాను."

నిజమే.

చెప్పాను. ఆఫీసరుగారి మొహంలో విసుగు కనపడింది. ఎక్కడ తిరిగి పైకెళ్ళిపోతాడోనని వంగి, ఆ పిల్ల మాటలన్నీ ఆయన చెవిలో గబగబా వేసేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఏడాది నుంచి నోరు విప్పలేదనే చెప్పుకుంటున్నాను. ఐదు రోజుల కిందట ఈ డైరీలో కూడా అదే రాశాను. వెనక్కి తిప్పి చూశాను, ఉంది.

"అందరూ దుర్గ గెలిచిందన్నారు. ఏడాదైనా నాకు తెలీదండి, నా మాటకి దిగాడో, మీ మాటకి దిగాడో. ఇప్పుడు చీటీతో గెలిస్తే ఇది కూడా తెలీదు."

అరుగు మీద నుంచి పెద్దింట్లమ్మ అరిచింది: "ఒసే, పెద్దాయన్ని అంతలేసి మాటలంటావేంటే!"

"అమ్మా, బెంచీ!" అంది కూతురు.

"బెంచీ మీదే ఉన్నానే తల్లీ, ఇంకెక్కడికి పోను!"


నవంబరు 21

బియ్యం డబ్బాలోంచి ఫోను తీశాను. సంపూర్ణమ్మకి అప్పటికే కనపడిందట. అన్నం వార్చేటప్పుడు నవ్వుకుంది.


నవంబరు 23

సాయిదుర్గ రోజు విడిచి రోజు వస్తోంది, నాకు మాట నేర్పడానికి. నేను నేర్పినంతకాలం నేర్పడం ఇంత కఠినమైన పనని తెలీదు, ఎందుకంటే కష్టం అవతలివాళ్ళది.

గెడ్డం గుండెలకి ఆనించి మింగాలి. పొరమారదు. నిజమే, ఇవాళ మారలేదు. ఒక ఊపిరికి ఒక మాట. మాట పూర్తయ్యాక నోరు మూసి, ఉమ్మి మింగి, అప్పుడు రెండోది. తొందరపడితే రెండూ పాడవుతాయి. ఇదంతా ఏ డాక్టరు చెప్పాడమ్మా అనడిగాను. "ఎవరూ చెప్పలేదండి. అన్నం తినాలి కదా, మాట్లాడాలి కదా" అంది.

సభలో చెప్పడానికి నేను మూడు పేజీలు రాసుకున్నాను. పెయింటరు కథ ఉంది, బావమరిది కథ ఉంది, పండుగప్ప సంగతి చివర్లో. చదివి పక్కన పెట్టింది.

"మీరు నాలుగూళ్ళు తిరిగి గానీ ఇంటికి రారండి. ఇంత పని మీ నోటికి లేదు. 'అధ్యక్షురాలు' మీ వల్ల కాదు. 'పెద్ద' అనండి. 'ప్రతిపాదిస్తున్నాను' తీసెయ్యండి."

మిగిలింది: "ఇక మన పెద్ద సాయిదుర్గ."

నాలుగు మాటలు. భూతద్దం పెట్టుకుని వాచీ స్క్రూ బిగించినంత పని. నా జీవితంలో ఇంత చిన్న ఉపన్యాసం చెయ్యలేదు.

పొద్దున: సామర్గోత.


నవంబరు 26

ఉప్మా అడ్డంపడింది. గెడ్డం దించడం మర్చిపోయాను, పేపరు చదువుతూ తిన్నాను. గాలి లోపలికి పోలేదు, బయటికి రాలేదు. సంపూర్ణమ్మ వీపు మీద గుద్దుతోంది. ఎదురుగా గోడ గడియారం, నేను బాగుచేసిందే, సెకను ముల్లు తిరుగుతోంది. పంతొమ్మిది సెకన్లు. ఇంతేనా అనుకున్నాను. ఇంత చిన్న రవ్వ పలుకా.

బయటపడ్డాక ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను గడియారానికి కీ ఇచ్చాను. నిన్ననే ఇచ్చాను, మళ్ళీ ఇచ్చాను.


నవంబరు 29

తుఫాను హెచ్చరిక. కెరటాలు బీచి రోడ్డు మీదకి వస్తున్నాయని బస్సులు ఆపేశారు. సాయిదుర్గ రాలేదు. పెద్దింట్లమ్మ ఫోను చేసింది: "ఇంకో వరస ఇళ్ళు పోయాయండి మాస్టారూ. మాది పోయినసారే పోయింది కాబట్టి ఇప్పుడు బెంగ లేదు." ఆవిడకి నా జవాబు అర్థం కాలేదు. "మళ్ళీ చెప్పండి" అంది. చెప్పాను. "మళ్ళీ" అంది. జాగ్రత్త అని చెప్పడానికి మూడుసార్లు పట్టింది. విసుక్కోలేదు.

ఎడమ చెయ్యి తిమ్మిరి. దాని మీద పడుకున్నట్టున్నాను.


నవంబరు 30

ఈ పక్కకి తిరిగి పడుకున్నాను. అయినా ఉంది. చిటికెన వేలూ, దాని పక్క వేలూ.

సంపూర్ణమ్మకి చెబితే ఆ నిమిషమే ఆటో పిలుస్తుంది. ఆస్పత్రిలో పడేస్తారు. మూడో తారీకు పోతుంది. నాలుగో తారీకున ఎలాగూ డాక్టరు దగ్గరికే కదా. నాలుగు రోజుల్లో ఏమవుతుంది?

ఏమవుతుందో నాకు తెలుసు. కాగితం మీద కూడా రాయను.


డిసెంబరు 1

సామర్లకోత. ఒక్క అక్షరమే తేడా.

చెయ్యి అలాగే.


డిసెంబరు 2

ఇక మన పెద్ద. ఇక మన పెద్ద. ఇక మన పెద్ద. తన పేరు దగ్గరకొచ్చేసరికి ఆగిపోతోంది.

భయంగా ఉంది. చచ్చిపోతానని కాదు. అబద్ధం, అది కూడా. కానీ ఎక్కువ భయం రేపటి గది గురించే. ఆ గదిలో నేను ఎప్పుడూ గట్టిగా మాట్లాడినవాణ్ణే. మాట కూడదీసుకునేవాళ్ళని వినేవాళ్ళ కుర్చీలోంచి చూడ్డం తెలుసు. అటువైపు నుంచి ఎలా ఉంటుందో ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.


డిసెంబరు 3

కూర్చుని తిన్నగా రాయాలి.

నలభై ఒక్కమంది. గుమ్మానికి బంతిపూల దండ. నా ఫొటోతో ఫ్లెక్సీ, అందులో నా నోరు తిన్నగా ఉంది. శాలువా కప్పారు. ఉక్కపోసింది. సంపూర్ణమ్మ లోపలికి రాబోయి, గోడ మీద రూల్సు చూసి, బయటికెళ్ళి బెంచీ మీద పెద్దింట్లమ్మ పక్కన కూర్చుంది. నా వెంట ఆవిడ ఆ బెంచీ మీద కూర్చోవడం ఇదే మొదలు. నాకు తోడెప్పుడూ అక్కర్లేదు మరి.

సత్యప్రసాద్ నా గురించి చక్కగా మాట్లాడాడు. "మనకి నోరిచ్చిన మనిషి" అన్నాడు. చప్పట్లు. మైకు నా ముందు పెట్టారు. మఫ్లరు తీసేశాను.

"ఇక" అన్నాను.

అది బాగానే వచ్చింది. నోరు మూశాను, మింగాను. "మన." తడిగా వచ్చింది. మైకు ఆ తడిని కూడా గదంతా వినిపించింది. వెనక ఎవరో "ఏమైందిరా మాస్టారికి?" అన్నారు. ఇంకెవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెదవి మీంచి ఉమ్మి కారి శాలువా మీద పడింది. తుడుచుకుందామంటే కుడి చేతిలో మైకుంది. ఎడమ చెయ్యి లేవలేదు. లేచింది, కానీ మొహం దాకా రాలేదు.

గది మొత్తం అర్థం చేసుకుంది. మొహాలు ఒక్కొక్కటీ మారడం చూశాను. జాలి. ఆ మొహాలు నాకు బాగా తెలుసు, చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. మా గదిలో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"పె..." అన్నాను. ఆగిపోయింది. ఊపిరి లేదు.

సత్యప్రసాద్ లేచాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. భరించలేకపోయాడు, అంతే. వాడి మీద నాకు కోపం లేదు. "మాస్టారి ఉద్దేశం ఏంటంటే..." అని మొదలెట్టాడు.

"బెంచీ."

సాయిదుర్గ. మూడో వరసలోంచి.

"అమ్మాయ్, ఆయన పరిస్థితి చూస్తూ కూడా..."

"అన్నయ్యా. బెంచీ."

వాడు నాకేసి చూశాడు. నేను పొమ్మన్నట్టు చూశాను. కట్టుడు కాలు టకటకలాడించుకుంటూ బయటికెళ్ళి మా ఆవిడ పక్కన కూర్చున్నాడు. బెంచీ కిర్రుమంది.

గెడ్డం దించాను. మింగాను. "పెద్ద." మళ్ళీ ఊపిరి. నలభై మంది నా ఊపిరి కోసం ఆగి ఉన్నారు. ఎవరూ నా నోటికి మాట అందించలేదు. అంత నిశ్శబ్దంలో ఒక్కణ్ణే ఉండటం ఎంత భయమో, దాన్ని ఆరేళ్ళుగా ఆ పిల్ల మీద వారం వారం ఎలా పెట్టానో.

"హాయి...దుగ్గ."

ముందు వరసలోంచి వినీల చెయ్యెత్తింది. కళ్ళు కనపడవు ఆ పిల్లకి, కాలేజీలో చదువుతోంది. "మాస్టారూ, నాకు అర్థం కాలేదండి. మళ్ళీ చెప్పండి."

నాకు అప్పుడు ఎంత ధైర్యం వచ్చిందో ఎలా రాయను. అర్థమైనట్టు తలాడించలేదు.

మళ్ళీ చెప్పాను. మొదట్నుంచి. "ఇక. మన. పెద్ద. సాయి. దుర్గ." రెండుసార్లకీ కలిపి ఆరు నిమిషాలు. గోడ గడియారం చూశాను.

"ఇప్పుడు అర్థమైందండి" అంది వినీల. "ఔను."

తరవాత ఒక్కొక్కరూ. ఇరవై ఆరు ఔను, పద్నాలుగు వద్దు. వద్దన్నవాళ్ళు కూడా కారణం వాళ్ళే చెప్పారు, ఎంతసేపు పట్టినా. సత్యప్రసాద్‌కి ఓటు లేదు. బెంచీ.

సాయిదుర్గ మైకు తీసుకుని మాట్లాడింది. అందరికీ అర్థమయ్యే దాకా మూడుచోట్ల మళ్ళీ చెప్పింది. మొదటి తీర్మానం, క్యాంపు ఈ ఏడు కూడా కిందే పెట్టమని అడగడానికి మళ్ళీ ఆఫీసరుగారి దగ్గరికి వెళ్ళడం. "ఈసారి మాస్టారు రారు. నేనూ సత్యప్రసాద్ అన్నయ్యా వెళ్తాం. అన్నయ్య బయట కూర్చుంటాడు." అందరూ నవ్వారు. బయట బెంచీ మీద నుంచి కూడా నవ్వు వినపడింది.

టీలప్పుడు నా పక్కకొచ్చింది. బిస్కెట్టు టీలో నానబెట్టి నా కుడి చేతికిచ్చింది.

"ఎడమ చెయ్యి ఎప్పటినుంచండీ?"

"శుక్...రం."

"అమ్మగారికి తెలుసా?"

లేదన్నాను.

"రేపు డాక్టరుకి మీరే చెప్పండి. 'చెయ్యి' తేలిక. 'తిమ్మిరి' కష్టం. 'మొద్దు' అనండి."


డిసెంబరు 4

సామర్లకోట అని చూడలేదు. 'చెయ్యి మొద్దు' అని చూసుకున్నాను. ఆటోలో కాకినాడ దాకా.

డాక్టరు కాయితాలు తిరగేసి, సంపూర్ణమ్మకేసి తిరిగి "ఎలా ఉన్నారమ్మా మీవారు?" అన్నాడు.

సంపూర్ణమ్మ సంచీ తీసుకుని లేచింది. బయటికెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

డాక్టరు కాసేపు తలుపుకేసి చూశాడు. తరవాత కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. నేను కుడి చేత్తో ఎడమ చెయ్యి ఎత్తి బల్ల మీద పెట్టాను.